మంచోడే గానీ...: చివరి ఆయకట్టులో ఓడిపోయిన ఒక ప్రచారం

ఒక అసెంబ్లీ ఎన్నికల ప్రచారం మీద ఈ కేస్ స్టడీ రాయడానికి అభ్యర్థి అనుమతి తీసుకున్నాను. నియోజకవర్గం, పార్టీ, ఏడాది చెప్పను. కాలువ పేరూ చెప్పను. చివరి ఆయకట్టు, అంటే కాలువ చివరన ఉండి నీళ్లందని పొలాల ఏడుపు లేని కాలువ మన రెండు రాష్ట్రాల్లో వెతికినా దొరకడం కష్టం కాబట్టి, ఎవరికి తెలిసిన కాలువను వాళ్లు ఊహించుకుంటే సరిపోతుంది. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. ఏ మలుపులో ఏమనుకుని ఏం చేశామన్నది మాత్రం మార్చలేదు.

ముందే చెప్పేస్తాను, మేం ఓడిపోయాం. ఎన్నికల ప్రచారాలు నడిపే మా వృత్తిలో గెలిచిన ప్రచారాల గురించి రాసేవాళ్లకి కొదవ లేదు. గెలిస్తే కట్టిన ప్రతి ఫ్లెక్సీ వ్యూహమే అయిపోతుంది. ఓడినప్పుడే ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో విడదీసి చూసే ఓపిక వస్తుంది.

నేపథ్యం

అభ్యర్థిని ఇంజినీర్ గారు అంటాను. నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ)గా చేరి, సూపరింటెండింగ్ ఇంజినీర్ (ఎస్‌ఈ)గా రిటైరైన మనిషి. మొదటి పోస్టింగ్ ఈ కాలువ మీదే. ఎక్కడా ఏసీబీ కేసు లేదు, చార్జ్ మెమో లేదు. ఒక మంత్రి మనిషితో మాటామాటా వచ్చి రెండుసార్లు బదిలీ అయ్యారు. శాఖలో ఆయన పేరెత్తితే "చండశాసనుడు" అని కొంచెం గౌరవంగా, కొంచెం చిరాగ్గా అంటారు.

పార్టీ ఆయనకి టికెట్ ఇచ్చింది నిజాయితీ చూసి కాదు. నియోజకవర్గంలో రెండు వర్గాలు టికెట్ కోసం కొట్టుకున్నాయి. ఒకరికిస్తే రెండోవాళ్లు పనిచేయరు. సామాజిక సమీకరణం కుదిరి, ఎవరి మనిషీ కాని మూడో పేరు కావాల్సి వచ్చింది. టికెట్ ఖరారయ్యాక పార్టీ ఆఫీసులో నాతో అన్న మాట ఇది: "ఆయనకి డబ్బు లేదు, కేడర్ లేదు. క్లీన్ ఇమేజ్ ఉంది. దాన్నే వాడండి."

ఎదురుగా ఉన్నది రెండుసార్లు వరసగా గెలిచిన సిట్టింగ్ ఎమ్మెల్యే. ఇసుకలో వాటా ఉందని, రోడ్డు పనుల్లో పర్సంటేజీలున్నాయని ఊరూరా అనేవాళ్లే గానీ కాగితం మీద ఏదీ లేదు. పెళ్లికి వస్తాడు, చావుకి వస్తాడు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే స్టేషన్‌కి ఒక మాట చెబుతాడు. మమ్మల్ని పిలిచేసరికి పోలింగ్‌కి వంద రోజులుంది.

మొదటి సమావేశం

వ్యూహం గురించి కూర్చున్న రోజు మూడు ఉదాహరణలు ముందుకొచ్చాయి. యువజన విభాగం కుర్రాడు ఢిల్లీ అన్నాడు. అవినీతి వ్యతిరేకత ఒక్కటే పెట్టుబడిగా అక్కడ ఆమ్ ఆద్మీ పార్టీకి 2013లో 28 సీట్లు, 2015లో 70కి 67. ఇంజినీర్ గారు లోక్‌సత్తా అన్నారు. 2006లో పార్టీగా మారి, 2009లో ఉమ్మడి రాష్ట్రమంతటా పోటీ చేస్తే గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే, అదీ జయప్రకాశ్ నారాయణ్ గారు స్వయంగా నిలబడ్డ చోట. "మంచి పేరుకి ఒక్క సీటు వస్తుందన్నమాట. మనకి కావాల్సిందీ ఒక్కటే కదా" అని ఆయనే నవ్వారు.

నేను 1989 గుర్తుచేశాను. బోఫోర్స్ ఫిరంగుల కుంభకోణం మీద దేశం ఊగిపోయి కేంద్రంలో కాంగ్రెస్ అధికారం పోగొట్టుకుంది. అదే ఎన్నికల్లో కాంగ్రెస్ వ్యతిరేక కూటమి నేషనల్ ఫ్రంట్‌కి ఛైర్మన్‌గా ఉన్న ఎన్టీఆర్ సొంత రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకి 39 కాంగ్రెస్‌కే వచ్చాయి. రాష్ట్రంలో ఆయన ప్రభుత్వమూ ఓడిపోయింది, కల్వకుర్తిలో ఆయనే ఓడారు. ఢిల్లీలో ఎవరో తిన్నారన్న కోపం కంటే ఇక్కడి ప్రభుత్వం మీద కోపం జనానికి దగ్గరగా ఉంది.

చెప్పాను గానీ ఆ మాటను నేనే పట్టించుకోలేదు. పార్టీ చెప్పింది క్లీన్ ఇమేజ్, చేతిలో ఉన్నది క్లీన్ ఇమేజ్. పైగా నా బుర్రలో ఒక పుస్తకజ్ఞానం ఉంది. ఎన్నికల్లో రెండు రకాల విషయాలుంటాయని 1963లో డొనాల్డ్ స్టోక్స్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త విడదీసి చెప్పాడు. కొన్నింట్లో జనం చెరోవైపు చీలతారు. ఇంకొన్నింట్లో అందరి కోరికా ఒకటే. అవినీతి ఉండకూడదు, పాలన బాగుండాలి అంటే కాదనేవాడు ఉండడు. అక్కడ పోటీ ఏది కావాలన్న దాని మీద కాదు, ఎవరిని నమ్మాలన్న దాని మీద. మన దగ్గరా అంతే చూశాం. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు గారు ముందుకు తెచ్చిన మాట అనుభవం. 2019లో జగన్ గారి మాట విశ్వసనీయత. ఒకరిది చేయగలనన్న హామీ, ఇంకొకరిది మాట తప్పనన్న హామీ. మన అభ్యర్థి రెండో రకం అని నేను గట్టిగా నమ్మాను. ఎవరినీ దూరం చేసుకోకుండా అందరినీ కలుపుకునే మాట అనుకున్నాను. ఈ "అందరినీ" అన్నచోటే తర్వాత దెబ్బతిన్నాం.

కడిగిన ముత్యం

నినాదం నేనే రాశాను: "కడిగిన ముత్యం లాంటి మనిషి". తెల్ల చొక్కా, కళ్లజోడు, వెనక నీలం రంగు. మండల కేంద్రాలన్నింట్లో ఫ్లెక్సీలు కట్టించాం. కరపత్రంలో రెండు బదిలీల కథ వేశాం.

నాలుగు వారాలు గడిచాక ఇద్దరు కుర్రాళ్లను తీసుకుని నేనే ఊళ్లు తిరిగాను. సర్వే ఫారాలు పక్కన పెట్టి అరుగుల మీద కూర్చున్నాం. ఎక్కడికెళ్లినా ఒకటే వాక్యం, ఒకే చోట ఆగిపోయే వాక్యం: "మంచోడే గానీ..."

ఆ "గానీ" తర్వాత ఏముందో రాబట్టడానికి టైం పట్టింది. ఒక ఊళ్లో డ్వాక్రా మీటింగ్ అయ్యాక ఒకావిడ చెప్పింది: "మంచోణ్ని పెళ్లికి పెద్దగా పిలుస్తాం బాబూ. పనికి పిలవం. పనికి పనోడు కావాలి." ఇంకో ఊళ్లో కిళ్లీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన: "ఆయన తినడంటున్నారు. సరే. తిననోడు పెట్టడు కూడా. రేపు మా అబ్బాయిని ఎస్సై ఎత్తుకెళ్తే, రూల్స్ ఏమున్నాయో చూద్దాం అంటాడా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నోట్స్ రాసుకోవడం ఆపేశాను.

సిట్టింగ్ మనుషులు ఈలోపు మా నినాదాన్ని తీసుకుపోయి వాడుకున్నారు. "ముత్యాన్ని కడగాల్సిన అవసరం ఎందుకొచ్చింది?" అన్నది వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన జోకు. నిజం చెప్పాలంటే బాగుంది.

అసలు దెబ్బ బయటినుంచి కాదు, లోపలినుంచే. ఒక మండల నాయకుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అన్నా, ఆ ఫ్లెక్సీ పక్కన నిలబడితే నేను దొంగోణ్నన్నట్టు ఉంది" అన్నాడు. రెండు రోజులు ఆ మాట గురించే ఆలోచించాను. అభ్యర్థి ఒక్కడే కడిగిన ముత్యమైతే, ఇరవై ఏళ్లుగా జెండా మోసినవాడు ఏమైనట్టు? పైగా నిజాయితీ అన్న మాట కేడర్‌కి ఇంకోలా వినిపించింది: ఈ ఎన్నికల్లో డబ్బు దిగదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకి 2022 జనవరి నుంచి మన దగ్గర పరిమితి 40 లక్షలు. ఇంజినీర్ గారు దాన్ని అక్షరాలా నమ్మే మనిషి. మా దగ్గర అంత కూడా లేదనుకోండి, అది వేరే విషయం. "పంచకపోతే ఊళ్లో మొహం ఎలా చూపించాలి సార్" అని అడిగినవాళ్లకి ఆయన సెక్షన్లు చెప్పారు. వాళ్లు మర్నాటినుంచి రావడం తగ్గించారు.

అఫిడవిట్‌తో చేసిన పొరపాటు

ఫ్లెక్సీలు దించక ముందే ఇంకో తప్పు చేశాం. మన మంచి పేరు పనిచేయకపోతే ఎదుటివాడి చెడ్డపేరైనా పనిచేస్తుందని మా బృందంలో ఒకరన్నారు, నేను ఒప్పుకున్నాను. 2002, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ ఆస్తులు, అప్పులు, కేసులు ఫారం 26లో ప్రమాణం చేసి చెప్పాల్సిందే. సిట్టింగ్‌వి రెండు ఎన్నికల అఫిడవిట్లు అందుబాటులో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెడితే ఆస్తి బాగానే పెరిగింది.

చట్టం వైపు జాగ్రత్తగానే ఉన్నాం. అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద అబద్ధమని తెలిసీ రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కింద అవినీతి చర్య అవుతుంది, గెలిచినా ఎన్నిక పోతుంది. అందుకని వ్యాఖ్య ఒక్కటీ రాయకుండా రెండు అంకెలే వేశాం. అదే చట్టంలోని 127ఎ ప్రకారం ప్రింటర్ పేరు, ప్రచురించినవారి పేరు, అడ్రసు కింద వేశాం. కాగితం మీద ఎవరూ తప్పుపట్టలేని కరపత్రం.

ఊళ్లలో అది ఎలా చదివారో నేనే విన్నాను. "ఇన్నేళ్లలో ఇంతేనా? మావోడు అమాయకుడే." నిజంగానే కొందరికి అది అవినీతి లెక్కలా కనపడలేదు, స్తోమతు లెక్కలా కనపడింది. మిగతావాళ్లు "అందరూ అంతే" అని మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. అందరూ అంతే అన్న మాట ఒకసారి బయటికొచ్చిందంటే నష్టపోయేది తినేవాడు కాదు, తిననని చెప్పుకునేవాడు. ఎదుటివాడి మీద బురద జల్లి, నిజాయితీ అనే మాటకే నేను విలువ తగ్గించాను. పది రోజుల్లో ఆపేశాం.

కాలువ గట్టు మీద

మలుపు నా తెలివితేటల వల్ల రాలేదు. రబీకి నీళ్లు వదిలిన రోజులు. చివరి ఊళ్లలో తడి అందక మిర్చి వాడుతోందని ఫోన్లు వస్తున్నాయి. పరామర్శ ఫొటో కోసం ఇంజినీర్ గారిని పొద్దున్నే తీసుకెళ్లాం. ఆయన పొలంలోకి కాకుండా నేరుగా కాలువలోకి దిగారు. చెప్పులు గట్టుమీద వదిలి, పంచె ఎగ్గట్టి, భుజం మీది తువ్వాలుతో నీటి మట్టం కొలిచే గేజ్ రాయి మీది పాచి తుడిచారు. వంగి చదివారు. తర్వాత ఎవరితో అన్నట్టూ కాకుండా అన్నారు: "ఇక్కడ మూడడుగులు నిలబడాలి. రెండు కూడా లేదు. తూము గడప నీటి మట్టం కంటే పైన ఉంది. కాలువలో నీళ్లున్నాయి, ఎత్తు లేదు. ఎత్తు లేకపోతే తూములోకి ఎలా ఎక్కుతుంది?"

అక్కడినుంచి గట్టుమీద ఎగువకి నడిచారు. ప్రతి తూము దగ్గరా ఆగారు. ఒకదానికి షట్టరే లేదు. ఒకదానికి స్క్రూ రాడ్ వంగి మధ్యలో ఇరుక్కుపోయింది. ఒకచోట ఇసుక బస్తాలు వేసి నీళ్లు మళ్లించారు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి చైనేజ్ రాసుకుంటున్నారు, ఎన్నో కిలోమీటరు మీద ఎన్నో మీటరు దగ్గర ఏ తూము, దాని పరిస్థితి ఏంటి అని. మా కుర్రాడు ఫోన్‌లో తీస్తున్నాడు. ఎవరూ తీయమనలేదు.

మూడో తూము దగ్గర ఒక ముసలాయన కలిశాడు. ఒకప్పుడు అదే కాలువ మీద తూములు చూసుకునే లస్కర్. ఇంజినీర్ గారిని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక మా కెమెరా వైపు తిరిగి చెప్పాడు: "ఈయన ఏఈగా ఉన్నప్పుడు మాకు నిద్దరుండేది కాదయ్యా. రాత్రి రెండింటికి సైకిల్ మీద వచ్చి షట్టర్ పట్టుకు చూసేవాడు. ఒకసారి పెద్ద రైతు తూము రెండు రోజులు ఎత్తి ఉంచమని కోడిని పంపాడు. ఈయన కోడిని మా ఇంటికి పంపేసి తూముకి తాళం వేయించాడు." ఒక్క క్షణం ఆగి, "కోడి మాత్రం మేం తిన్నాం" అన్నాడు.

ఆ వీడియో రెండు నిమిషాలు కూడా లేదు. పాట లేదు, నినాదం లేదు, గుర్తు చివర్లో ఒక్కసారి. చివరి ఊళ్లలో అది తిరిగినంతగా మా ప్రచారంలో ఇంకేదీ తిరగలేదు. మేం నాలుగు వారాలపాటు ఫ్లెక్సీల మీద అరిచి చెప్పిన మాటే కోడి కథలోనూ ఉంది. తేడా ఎక్కడంటే, ఆయన తినడన్న సంగతి అందులో ఒక పని మధ్యలో దొర్లింది. తినకపోవడం వల్ల తూముకి తాళం పడింది, తాళం వల్ల కింద నీళ్లు పారాయి. వినేవాడికి ఆ నిజాయితీ తన పొలందాకా వచ్చినట్టనిపించింది. రెండోది, చెప్పింది అభ్యర్థి కాదు. నిద్ర పోగొట్టుకున్నవాడు చెప్పాడు.

ఆ రాత్రే నిర్ణయించాం: నిజాయితీ అన్న పదం మా ప్రచారంలో ఇక ఎక్కడా కనపడకూడదు. ప్రసంగాల్లోంచి కూడా తీసేశాం. పార్టీ ఆఫీసు ఒప్పుకోలేదు, ఉన్న ఒక్క బలాన్ని వదిలేస్తారా అన్నారు. నా వాదన ఇదీ: "చేయగలడా" అన్న ప్రశ్నకి జవాబు దొరికాకే జనం "తింటాడా" అని అడుగుతున్నారు. మొదటిదానికి జవాబు లేకుండా రెండోదానికి చెబితే, చేతకానివాడు తనకి తాను చెప్పుకునే సాకులా ఉంటుంది. ఢిల్లీ ఉదాహరణ తెచ్చిన కుర్రాడే ఈసారి నాకు సాయపడ్డాడు. అక్కడా 2020 నాటికి ప్రచారం బడులు, మొహల్లా క్లినిక్కులు, కరెంటు బిల్లుల మీదికి మారింది, పని నచ్చితేనే ఓటేయండి అన్నారు, 62 సీట్లొచ్చాయి.

ఆ చైనేజ్ పుస్తకాన్నే ఫిర్యాదుగా మార్చి ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఈఈ) ఆఫీసులో ఇచ్చారు. రైతులిచ్చే అర్జీల్లో "మా ఊరికి నీళ్లు రావడం లేదు" అని ఉంటుంది, ఫైల్లో పడుకుంటుంది. ఇందులో తూము నంబరు, మీటరు, గేజ్ రీడింగ్, తేదీ ఉన్నాయి. పక్కన పెట్టడానికి సాకు దొరకదు. ఎన్నికల కోడ్ రాకముందే వంగిన రాడ్లు రెండు మార్చారు. పదవి లేకుండానే రెండు రాడ్లు మార్పించాడు అన్న మాట ఊళ్లలో తిరిగింది. నేను రాయని నినాదం, నేను రాసినవాటన్నింటి కంటే బాగుంది.

నా చేతిలో లేనివి

ఇంటింటికీ ఇచ్చే కొత్త కరపత్రం రాస్తున్నప్పుడు గొడవైంది. చేస్తానన్న పనుల పక్కన "నా చేతిలో లేనివి" అని ఇంకో వరస ఉండాల్సిందేనని ఇంజినీర్ గారు పట్టుబట్టారు. రిజర్వాయర్‌లో నీళ్లు లేని ఏడాది ఆయన ఏం చేయలేరు. ప్రధాన కాలువ లైనింగ్ ఎమ్మెల్యే పరిధి కాదు. ఉద్యోగాలు ఇప్పించలేరు. నేను వద్దన్నాను. ఎన్నికల కరపత్రంలో చేతకానివి రాసుకున్నవాణ్ని నేను చూడలేదు. ఆయన అన్నారు: "ఎస్టిమేట్‌లో మినహాయింపులు రాయకపోతే ఆ ఎస్టిమేట్‌ని ఎవడు నమ్ముతాడండీ?"

వేశాం. నేను ఓడిపోయిన వాదనల్లో ఓడినందుకు సంతోషించింది ఇదొక్కటే. జనం ముందు చదివింది ఆ వరసే. తనకి నష్టం తెచ్చే మాట ఒకటి ఒప్పుకున్నాడు కాబట్టి, చేస్తానన్నవి కూడా కొలిచి చెప్పి ఉంటాడని లెక్కేసుకున్నారు. కిళ్లీ కొట్టు పెద్దాయన మాత్రం "ఉద్యోగాలు ఇప్పించలేనని రాసుకున్నాడు పాపం" అని జాలిపడ్డాడు. అందరికీ ఒకేలా పనిచేయలేదు.

నామినేషన్ల తర్వాత పాత ఫ్లెక్సీల పాపం ఒకసారి వెంటాడింది. ఇంజినీర్ గారి భార్య పేరు మీద టౌన్లో ఒక ప్లాటు ఉంది. ఫారం 26లో కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ రెండూ రాయాలి. ఎప్పుడో కొన్నది కాబట్టి రెంటికీ పొంతన ఉండదు. అవతలివాళ్లు రెండో అంకె ఒక్కటే చూపించి "ముత్యం ధర ఎంత?" అని వేశారు. అదే ప్లాటు సిట్టింగ్ అఫిడవిట్‌లో ఉంటే ఎవరూ చూడరు. వారాల క్రితమే దించేసినా, ఆ ఫ్లెక్సీలు ఈ చిన్న మరకని పెద్దది చేశాయి. జవాబు మేం రాయలేదు. ఆవిడ రిటైర్డ్ టీచర్. ఒక మహిళా సంఘం సమావేశంలో లేచి, ఏ బళ్లో పనిచేస్తూ, ఏ బ్యాంకులో, ఎన్నేళ్లు వాయిదాలు కట్టారో చెప్పి కూర్చున్నారు. దానితో ఆ గోల సద్దుమణిగింది.

గోడ మీద పట్టిక

ఇక్కడిదాకా చదివినవాళ్లకి మేం గెలవాల్సిందే అనిపించవచ్చు. నాకూ అనిపించింది. పోలింగ్‌కి నెల ముందు ఊపు వచ్చింది. ఆ ఊపులోనే ఈ కేసులోకెల్లా పెద్ద తప్పు చేశాం.

సమర్థత చూపించడం పనిచేస్తోంది కదా, ఇంకా చూపిద్దాం అనుకున్నాం. చివరి ఆయకట్టుకి నీళ్లందాలంటే వంతులవారీగా వదలాలి. ఇన్ని రోజులు ఎగువ తూములు మూసి మట్టం పెంచి కిందికి పంపాలి, తర్వాత కింద మూసి పైకివ్వాలి. ఇంజినీర్ గారు ఒక్కో మేజర్‌కి, అంటే పెద్ద కాలువ నుంచి చీలే ఒక్కో శాఖకి, రోజుల పట్టిక వేశారు. ఎవరికి ఏ రోజు నీళ్లు, ఏ రోజు బంద్. అద్భుతమైన పట్టిక. దాన్ని కరపత్రంగానే కాకుండా, ఇంటివాళ్ల అనుమతి తీసుకుని గోడల మీద కూడా రాయించాం. అన్ని ఊళ్లలోనూ. ఎగువ ఊళ్లతో సహా.

చివరి ఊళ్లవాళ్లు ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఎగువ ఊళ్లవాళ్లు అదే గోడని చదివారు: "ఇన్ని రోజులు బంద్." వాళ్లు తరతరాలుగా వరి వేస్తున్నవాళ్లు, తూము ముందే పొలం. వాళ్ల తూములకి షట్టర్లు లేకపోవడం వాళ్లకి సమస్య కాదు, సదుపాయం. ఈ అభ్యర్థి షట్టర్లు పెట్టిస్తాడని, రాత్రి రెండింటికి వచ్చి చూస్తాడని, తాళం వేస్తాడని మేమే వీడియో తీసి మరీ వాళ్లకి పంపాం. మమ్మల్ని ఎవరూ వెన్నుపోటు పొడవలేదు, అపార్థమూ చేసుకోలేదు. ఆయన సమర్థుడని అందరికంటే గట్టిగా నమ్మింది ఎగువ ఊళ్లవాళ్లే. అందుకే భయపడ్డారు.

సిట్టింగ్ దీన్ని వెంటనే పట్టుకున్నాడు. ఎగువ ఊళ్లలో ఆయన ప్రసంగం ఒకటే వాక్యం: "నేనున్నంతకాలం మీ తూముకి తాళం పడదు." అవినీతి, అభివృద్ధి, అనుభవం ఏవీ లేవు.

స్టోక్స్ విభజనని నేను సగమే అర్థం చేసుకున్నానని అప్పుడు తెలిసింది. నీళ్లు సక్రమంగా పంచాలి అంటే ఎవరూ కాదనరు. ఎలా పంచుతావో రోజులతో సహా గోడ మీద రాయగానే ఊరు రెండుగా చీలింది. ఇది కొత్త పాఠమేమీ కాదు. 1999లో 180 సీట్లు గెలిచిన తెలుగుదేశం 2004లో 47కి పడిపోయినప్పుడు చంద్రబాబు గారు పనిచేయలేరని అన్నవాళ్లు తక్కువ. కరువులో ఉన్న రైతు అడిగింది ఆ సామర్థ్యం ఎవరికోసమని. వైఎస్ఆర్ ఉచిత కరెంటు మాట ఆ ప్రశ్నకి తగిలింది. ఈ సంగతి నేను శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఎగువ ఊళ్లో గోడకి సున్నం కొట్టిస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

చివరి వారంలో దిద్దుకోవాలని చూశాం. ఎగువ ఊళ్లకి ఇంజినీర్ గారు వెళ్లారు, పట్టికలో రెండు రోజులు సర్దుతానన్నారు. ఆ మాట సాయంత్రానికి కింది ఊళ్లకి చేరింది. "అప్పుడే మారుస్తున్నాడా?" అన్నారు. మర్నాడు మానేశాం.

ఫారం 20

నాలుగంకెల తేడాతో పోయింది. డబ్బు గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ రాత నిజాయితీగా ఉండదు. అవతలివైపు పంపకం జరిగిందన్నది బహిరంగ రహస్యం. మావైపు కూడా కొన్ని ఊళ్లలో స్థానిక నాయకులు మాకు చెప్పకుండా సొంతంగా పంచారని ఫలితాల తర్వాత తెలిసింది. ఇంజినీర్ గారికి ఆ విషయం నేనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కాబట్టి ఏ ఓటు దేనివల్ల వచ్చిందో కచ్చితంగా తేల్చడం నావల్ల కాదు.

అయినా పోలింగ్ కేంద్రాలవారీ లెక్కలుండే ఫారం 20 వచ్చాక ఇద్దరం కూర్చున్నాం. నేను మండలాలవారీగా రంగులు వేసుకుని తెచ్చాను. ఆయన నా కాగితం పక్కకి జరిపి, బూత్ నంబర్ల పక్కన పెన్సిల్‌తో ఇంకో అంకె వేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి తూము చైనేజ్. ఆ వరసలో పేర్చితే, మండలాలు, కులాలు, మా మండల నాయకుల బలం, బలహీనత అన్నీ పక్కకి పోయాయి. కాలువ మొదట్లో మా ఓట్లు గత ఎన్నికల్లో పార్టీకి వచ్చినవాటి కంటే తగ్గాయి. కిందికి దిగేకొద్దీ పెరిగాయి. చివరి నాలుగు ఊళ్లలో పార్టీ ఎప్పుడూ చూడనంత మెజారిటీ.

ఇప్పుడు ఎవరైనా సమర్థత మీద ప్రచారం చేద్దామని వస్తే నేను మొదట అడిగేది, మీరు ఈ పని బాగా చేస్తే ఎవరికి ఇబ్బంది అని. దానికి జవాబు రాసుకున్నాకే పెన్ను నినాదం మీద పెడతాను. "ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నారంటే ఆ పని ఇంకా వాళ్లకి పూర్తిగా తెలియదన్నమాట.

మూడు నెలల తర్వాత ఇంజినీర్ గారు ఒక్కరే, మాకు చెప్పకుండా, అన్నింటికంటే తక్కువ ఓట్లొచ్చిన ఎగువ ఊరికి వెళ్లి ఒక రైతు ఇంటి ముందు కూర్చున్నారు. తూము ఎందుకు ఎత్తి ఉంచుతారని అడిగారట. ఆ రైతు చెప్పిన మాట నాకు ఫోన్ చేసి చెప్పారు. "మాకు ఎక్కువ నీళ్లు కావాలని కాదు సారూ. మూస్తే మళ్లీ ఎప్పుడొదులుతారో తెలియదు. ఐదో రోజు కచ్చితంగా వస్తాయంటే మేమే మూస్తాం."

వంద రోజుల్లో ఆ ఊరికి మా బృందం పదకొండుసార్లు వెళ్లింది. డైరీ తీసి చూసుకున్నాను. పదకొండుసార్లూ మేమే మాట్లాడి వచ్చాం.